క్లాస్‌డోజోతో చిన్న తరగతులు: ఏది ఉంచాలి, ఏది తీసేయాలి

మాట్లాడినవాళ్ల పేర్లు బోర్డు మీద రాయమని క్లాస్ లీడర్ చేతికి సుద్దముక్క ఇచ్చి టీచరు ఆఫీసు రూముకు వెళ్లడం మన బళ్లలో ఎప్పటినుంచో ఉన్నదే. పేరు పక్కన ఒక గీత. మళ్లీ మాట్లాడితే ఇంకో గీత. పిల్లల పనులకు పాయింట్లు వేసే క్లాస్‌డోజో యాప్‌ని దించుకుని, ఏమీ మార్చకుండా వాడితే ఆ పాత పద్ధతే రంగులేసుకుని టీవీ ఎక్కుతుంది. ఓ అరగంట కూర్చుని సరిచేసుకుంటే మాత్రం ఒకటి నుంచి మూడో తరగతి దాకా నిజంగా పనికొస్తుంది. ఈ రివ్యూలో ఎక్కువ భాగం ఆ అరగంట గురించీ, ఆ తర్వాత వచ్చే ఎనిమిది వారాల గురించీ.

ముందు సరుకేమిటో చెప్పుకోవాలి. శామ్ చౌదరి, లియామ్ డాన్ అనే ఇద్దరు 2011లో మొదలుపెట్టిన కంపెనీ ఇది, శాన్ ఫ్రాన్సిస్కోలో ఉంది. టీచర్లకూ బడులకూ ఉచితం. తల్లిదండ్రులు కావాలంటే కొనుక్కునే ప్లస్ చందా ఒకటుంది, అది ఇంటి దగ్గర వాడుకునే అదనపు హంగుల కోసం. క్లాసు నడపడానికి ఒక్క రూపాయి అక్కర్లేదు. తల్లిదండ్రుల్ని యాప్‌లో చేర్చేటట్టయితే ఆ ముక్క మొదటి మీటింగులోనే చెప్పేయాలి: "యాప్ డబ్బులడిగితే కట్టక్కర్లేదు, కట్టకపోతే మీ పిల్లలకు బళ్లో ఏమీ తగ్గదు." చెప్పకపోతే బడే వసూలు చేస్తోందనుకుంటారు.

పనిచేసే తీరు తేలిక. ఒక్కో పిల్లకీ పిల్లాడికీ ఒక్కో బుల్లి రాక్షసుడి బొమ్మ ఉంటుంది. టీచరు ఆ బొమ్మ నొక్కితే మంచి పనుల జాబితా తెరుచుకుంటుంది. అందులో ఒకటి నొక్కితే 'టింగ్' మని మోగి, బొమ్మ మీది అంకె పెరుగుతుంది. పిల్లల దగ్గర ఫోనుండాల్సిన పని లేదు. టీచరు ఫోనొకటి, గోడ మీద తెర ఒకటి చాలు. తెర లేకపోయినా నడుస్తుంది. కొన్ని విషయాల్లో అదే మేలు కూడా, ఎందుకో తర్వాత వస్తుంది.

తెర ఉన్నచోట చాలామంది చేసే మొదటి పొరపాటు ఫోనుని టీవీకి కాస్ట్ చేయడం. పాఠం మధ్యలో వాట్సాప్ మెసేజీ, గ్యాస్ బుకింగు ఓటీపీ, ఇంట్లోవాళ్ల ఫోను అన్నీ ముప్పైమంది ముందు తెర మీదికొచ్చేస్తాయి. దాని బదులు టీవీకో ల్యాప్‌టాప్‌కో ఉన్న బ్రౌజర్లో అదే ఖాతాతో క్లాసు తెరిచి పెట్టి, ఫోనులోని యాప్‌ని రిమోట్‌లా వాడుకోవాలి. ఫోన్లో వేసిన పాయింటు ఆ తెర మీద పడుతుంది. నెట్ నత్తనడక నడిచేచోట పాయింటు పడటం ఆలస్యమవుతుంది, టీచరు పడలేదేమోనని మళ్లీ నొక్కుతారు, రెండు పడతాయి. ఒకసారి నొక్కి వదిలేయడం అలవాటు చేసుకోవాలి.

ఇంకో ఇబ్బంది యాప్‌ది కాదు, మన చోటుది. చేతిలో ఫోను పట్టుకుని క్లాసులో తిరిగే టీచరు, తనిఖీకి వచ్చినవాళ్లకు ఫోను చూసుకుంటున్నట్టే కనిపిస్తారు. హెడ్‌మాస్టరుకు ముందే చెప్పి ఉంచడం, గోడ మీద నాలుగు పనుల చార్టు అంటించి పెట్టడం మంచిది.

అరగంట అమరిక

యాప్‌లో పనుల జాబితాలు రెండు సిద్ధంగా వస్తాయి. ఒకటి పాజిటివ్. రెండోది 'నీడ్స్ వర్క్', అంటే పాయింటు కోసేవి. క్లాసు సెట్టింగుల్లోకి వెళ్లి రెండోదాంట్లో ఉన్నవన్నీ ఒక్కొక్కటిగా తీసేయండి. ఒక్కటి కూడా ఉంచొద్దు. అత్యవసరానికి ఉంటుందిలే అని ఒకటి మిగిల్చితే, తలనొప్పిగా ఉన్న రోజు, చివరి పీరియడ్‌లో, వేలు అటే పోతుంది.

ఎందుకంత పట్టుదల అంటే: ఆరేళ్ల పిల్లకి సంపాదించిన పాయింటు తన పలకంత సొంతం. అందరి ముందూ అది పోయిందంటే తను చేసిన అల్లరి గుర్తుండదు, పోయిందన్నదే గుర్తుంటుంది. ఆ పీరియడంతా ఏడుపో అలకో నడుస్తుంది. రెండుసార్లు పోయిన పిల్లాడు మూడోసారి నవ్వుతాడు, పోవడమే వాడి ప్రత్యేకత అయిపోతుంది. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ దెబ్బలతో పాటు మానసిక వేధింపునూ నిషేధించింది. తెర మీద ఎర్ర అంకె వేసి అందరికీ చూపించడం ఆ గీతకు ఎంత దూరంలో ఉందో ఎవరికి వాళ్లు చూసుకోవాలి. అల్లరి చేసినప్పుడు దగ్గరికెళ్లి మెల్లగా చెప్పడానికి యాప్ అక్కర్లేదు.

ఇక పాజిటివ్ జాబితా. అందులో వచ్చేవి పెద్దల మాటలు: పట్టుదల, జట్టుపని, శ్రమ. ఒకటో తరగతికి 'పట్టుదల' కనిపించే వస్తువు కాదు. అవీ తీసేసి నాలుగే నాలుగు పెట్టుకోవాలి, అవి కళ్లతో చూడగలిగేవై ఉండాలి. పేర్లు తెలుగులోనే రాసుకోవచ్చు. ఒకటి, రెండు తరగతులకు సరిపోయే జాబితా ఇలా ఉంటుంది:

చెయ్యెత్తి ఆగాను.
పక్కవాళ్లకు సాయం చేశాను.
తప్పు చెరిపి మళ్లీ రాశాను.
గంట కొట్టగానే సంచీ సర్దాను.

నాలుగే ఎందుకంటే టీచరు బొటనవేలు చూడకుండా వెతుక్కోగలిగేది అంతే, పిల్లలు మనసులో పెట్టుకోగలిగేదీ అంతే. పది పెడితే మొదటి రెండే వాడకంలో మిగులుతాయి. ఒకటో తరగతి వాళ్లు పేరు చదవరు, పక్కనున్న బొమ్మ చూస్తారు. కాబట్టి నాలుగింటికీ దేనికదే వేరుగా కనిపించే బొమ్మ ఎంచుకోవాలి. 'తప్పు చెరిపి మళ్లీ రాశాను' అన్నదాన్ని మాత్రం ఎవరు ఏ జాబితా వేసుకున్నా వదలొద్దని మా సలహా. సరిగ్గా రాసినవాళ్లకే పాయింటు పడితే రబ్బరు వాడటం అవమానం అవుతుంది. పిల్లలు తప్పును చేత్తో మూసుకుంటారు, టీచరుకి అసలు తప్పే కనబడదు.

ఒక్కో పనికీ ఒకటి నుంచి ఐదు దాకా విలువ పెట్టే వీలుంది. అన్నిటికీ ఒకటే ఉంచండి. హోంవర్కుకి ఐదు పెడితే గెలిచేది అమ్మ దగ్గర కూర్చుని రాయించిన పిల్ల. హాజరుకి పాయింట్లు పెడితే ఓడేది పత్తి తీతల రోజుల్లో అమ్మానాన్నలతో చేనుకెళ్లిన పిల్లాడు. చార్టు తెచ్చినందుకు, రంగులు తెచ్చినందుకు, బూట్లు వేసుకొచ్చినందుకు పాయింటు వేస్తే అది నాన్న జేబుకి పడ్డ పాయింటే. క్లాసులో, టీచరు కళ్ల ముందు, ఆ పిల్ల తన చేతులతో చేసిన పని ఏదైనా ఉంటే దానికే పాయింటు.

పేర్లు ఎక్కించేటప్పుడు ఇంటిపేరు, ఫోటో, పుట్టినతేదీ ఏవీ అక్కర్లేదు. పిలిచే పేరు చాలు. ఇద్దరు సాయిలుంటే రోల్ నంబరు కలపండి. పిల్లల ప్రవర్తన లెక్కలు ఒక కంపెనీ దగ్గర ఏళ్ల తరబడి పోగుపడటం మీద అమెరికాలో గొడవయ్యాకే, పాయింట్ల చరిత్రను ఒక విద్యా సంవత్సరానికి మించి ఉంచబోమని 2014లో ఈ కంపెనీ ప్రకటించింది. మన దేశంలో 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం పద్దెనిమిదేళ్ల లోపు వాళ్ల వివరాలకు తల్లిదండ్రుల సమ్మతి అడుగుతుంది. టీచరు తనంతట తాను కాకుండా, బడి తరఫున ఒక కాగితం మీద సంతకాలు తీసుకుని మొదలుపెట్టడం క్షేమం.

పాయింటు వేసే పద్ధతి

ఇక్కడే సగంమంది చేజార్చుకుంటారు. వరస ఇది: చూడటం, పేరు పెట్టి ఏం చేసిందో చెప్పడం, ఆ తర్వాతే నొక్కడం. "శ్రావ్యా, వాడి బలపం కింద పడితే నువ్వే తీసిచ్చావు. సాయం. ఒక పాయింటు." ముందు నొక్కి తర్వాత చెబితే 'టింగ్' వినగానే ముప్పై తలలు తెర వైపు తిరుగుతాయి, మీ మాట గాల్లో కలిసిపోతుంది. వట్టి "వెరీగుడ్" అని నొక్కితే ఎందుకు పడిందో ఆ పిల్లకీ తెలియదు, పక్కవాడికీ తెలియదు. పక్కవాడికి తెలియడం సగం ప్రయోజనం. సాయం అన్న మాట వినగానే ఇంకో ముగ్గురు చుట్టూ వెతకడం మొదలుపెడతారు. మొదటి వారం అది అతి అవుతుంది, కావాలని పెన్సిలు కింద పడేసి మరీ ఏరిస్తారు. నవ్వుకుని వదిలేయండి. రెండో వారానికి సర్దుకుంటుంది.

పని జరిగిన పది సెకన్లలోపు పడాలి. సాయంత్రం కూర్చుని గుర్తు తెచ్చుకుని ఒకేసారి వేసే పాయింట్లు ఈ వయసు పిల్లలకు లాటరీతో సమానం.

లెక్క కూడా ముఖ్యమే. ముప్పైమంది ఉన్న క్లాసులో ఒక్కొక్కరికీ రోజుకి కనీసం రెండు అనుకుంటే అరవై. ఆరు పీరియడ్లయితే పీరియడ్‌కి పది. వినడానికి ఎక్కువే గానీ నాలుగు నిమిషాలకొకటి. మొదటి రెండు వారాలు ఇంతకంటే తగ్గితే పిల్లలకు సంబంధం అర్థం కాదు. నలభై దాటిన క్లాసులో ఒక్కో పిల్లకీ విడిగా వేయడం కుదిరే పని కాదు, టీచరు పాఠం మానేసి పద్దులు రాసుకున్నట్టవుతుంది. అక్కడ బెంచీల వారీగా గుంపులు చేసుకుని గుంపుకే వేయడం నయం, యాప్‌లో ఆ వీలుంది.

శబ్దం మొదటి వారం ఉంచి, తర్వాత తీసేయండి. రోజుకి అరవైసార్లు గంట మోగే గదిలో ఎవరూ చదవలేరు.

శుక్రవారం సాయంత్రం రిపోర్టు తెరిచి ఒక్కటే చూడాలి: ఈ వారం ఐదుకి తక్కువ వచ్చినవాళ్లెవరు? అల్లరివాళ్లు అందులో ఉండరు, వాళ్ల మీద ఎప్పుడూ కళ్లుంటాయి. ముందు బెంచీవాళ్లూ ఉండరు. మధ్య వరసల్లో నోరు మెదపకుండా కూర్చునే నలుగురైదుగురు తేలతారు. అది వాళ్ల మార్కుల పట్టిక కాదు, టీచరు చూపు ఎటు పోతోందో చెప్పే పటం. ఆ నాలుగు పేర్లు ఓ చీటీ మీద రాసి హాజరుపట్టీలో అంటించుకుని సోమవారం పొద్దున వాళ్లతో మొదలుపెట్టాలి. ఈ యాప్‌లో మాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. కాగితం మీద నక్షత్రాల చార్టు కూడా ఈ పని చేయగలదు గానీ, వారం చివర ముప్పై వరసలు కూడుకుని చూసే ఓపిక ఎవరికుంటుంది?

అదే రిపోర్టులో ఒక చిక్కుంది. మంచివి ఎన్ని, కోసినవి ఎన్ని అని గుండ్రటి పటం వేసి మధ్యలో శాతం చూపిస్తుంది. ఎనిమిది మంచివి, రెండు కోసినవి అయితే 80 శాతం. మన ఇళ్లల్లో శాతం అంటే మార్కులే. "మిగతా ఇరవై ఏమయ్యాయి?" అన్న ప్రశ్న ఆ రాత్రి అన్నం దగ్గరే మొదలవుతుంది. కోత జాబితా తీసేశారు కాబట్టి మీ క్లాసులో ఎప్పుడూ నూరే వస్తుంది, అప్పుడు ఆ పటానికి అర్థం లేదు. తల్లిదండ్రులకు పాయింట్లు కనిపించకుండా సెట్టింగుల్లో ఆపేయడమే మంచిది. వాళ్లకు చెప్పాల్సింది ఏమైనా ఉంటే ఒక వాక్యం చాలు: "ఇవాళ మీవాడు తప్పు తనే చూసుకుని దిద్దుకున్నాడు."

బొమ్మ మీద కనిపించే మొత్తం అంకె ఇంకో గుంట. ఒకరికి 43, ఇంకొకరికి 11 అని రెండు వారాలు గోడ మీద కనిపిస్తే ఆ పదకొండు ఇక లేవదు. ఎంత చేసినా అందుకోలేనని ఏడేళ్లవాళ్లకి కూడా లెక్క తెలుస్తుంది. బొమ్మల మీది అంకెల్ని సున్నాకి తెచ్చే వీలుంది, చరిత్ర రిపోర్టులోనే ఉండిపోతుంది. ఒకటి, రెండు తరగతులకు రోజూ పొద్దున్నే సున్నా చేయండి, మూడుకైతే సోమవారం సోమవారం. లేదా పిల్లల పేజీ తెర మీద పెట్టకుండా క్లాసు మొత్తం కలిపి ఎంతయిందో బోర్డు మీద సుద్దతో రాయండి. తెర లేకపోవడమే మేలని మొదట అన్నది ఇందుకే.

బహుమతుల సంగతి

పాయింట్లు ఊరికే పోగైతే మూడో వారానికి విసుగు. దేనికో ఒకదానికి మారాలి. ఈ మారకం దగ్గర చేతి చమురు వదిలేది టీచరుకే. ఐదు రూపాయల పెన్సిలు ముప్పైమందికి వారానికోసారి అంటే 150, నెలకు 600. చాక్లెట్ అయితే ఇంకా చవక గానీ పుట్టినరోజుల పేరుతో వారానికి రెండుసార్లు క్లాసులో చాక్లెట్లు పంచుతూనే ఉంటారు, దానికి విలువే లేదు. పైగా వస్తువుతో మొదలుపెడితే వస్తువు పెరగాలి. ఈ నెల పెన్సిలు, వచ్చే నెల స్కెచ్ పెన్ను. వెనక్కి రావడం కష్టం.

చిన్న పిల్లలకు ఖర్చు లేనివే ఎక్కువ రుచి. బడి గంట కొట్టడం. ఇంతకు మించిన బహుమతి ప్రాథమిక బడిలో లేదు. హాజరుపట్టీ ఆఫీసు రూముకి పట్టుకెళ్లడం. టీచరు కుర్చీలో కూర్చుని ఒక పాట చెప్పించడం. మధ్యాహ్న భోజనానికి లైన్లో ముందు నిలబడటం. క్లాసంతటికీ అయితే చెట్టు కింద కథ, పది నిమిషాల ఆట, తమకు నచ్చిన పాట మళ్లీ పాడటం. కొత్తగా కనిపెట్టాల్సిన పని కూడా లేదు. పిల్లలు ఏ పనికోసం "టీచర్ నేనూ, టీచర్ నేనూ" అని ఎగబడతారో రెండు రోజులు గమనిస్తే జాబితా అదే తయారవుతుంది.

మొత్తం క్లాసు గురి పెట్టేటప్పుడు మొదటిది చాలా దగ్గరలో ఉండాలి. పైన చెప్పిన ముప్పైమంది క్లాసుకి రోజుకి అరవై చొప్పున 150 పెడితే మూడో రోజే అందుతుంది. రెండోది 300, అంటే సరిగ్గా ఐదు రోజులు. ఆ తర్వాత 600. మొదటి గురే వెయ్యి పెడితే అందడానికి మూడు వారాలు పడుతుంది. ఒకటో తరగతి పిల్లకి మూడు వారాలంటే సంక్రాంతి అంత దూరం. అంగన్‌వాడీ, ఎల్‌కేజీ వయసుకి ఆ రోజుది ఆ రోజే తేలిపోవాలి, మధ్యాహ్నానికల్లా అయితే ఇంకా మంచిది. అందిన బహుమతిని వాయిదా వేయడం అన్నిటికన్నా పెద్ద తప్పు. "ఇవాళ సిలబస్ ఉంది, రేపు ఆడుకుందాం" అని ఒక్కసారి అంటే చాలు, మర్నాటి నుంచి పాయింటుకి చిల్లిగవ్వ విలువ ఉండదు.

దేనికి పాయింటు వేయకూడదో కూడా తెలియాలి. బొమ్మలు గీయడం, కథ వినడం, ఇష్టంగా పుస్తకం తిరగేయడం, వీటి జోలికి పోవద్దు. 1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు పరిశోధకులు అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నర్సరీ బడిలో ఒక ప్రయోగం చేశారు. స్కెచ్ పెన్నులతో గీయడం అప్పటికే ఇష్టమైన పిల్లల్ని తీసుకున్నారు. కొందరికి 'గీస్తే మంచి ఆటగాడు పత్రం ఇస్తాం' అని ముందే చెప్పారు, కొందరికి చెప్పకుండా చివర్లో ఇచ్చారు, కొందరికి అసలివ్వలేదు. కొన్నాళ్లకి ఆ పెన్నులు మళ్లీ ఊరికే బల్ల మీద పెడితే, ముందే ఆశ చూపించినవాళ్లు మిగతావాళ్లలో దాదాపు సగం సేపే గీశారు. ఇవ్వకుండా ఉన్నవాళ్లకీ, చెప్పకుండా ఇచ్చినవాళ్లకీ నష్టం కనబడలేదు. దీన్ని పట్టుకుని బహుమతులన్నీ చెడ్డవని తేల్చేవాళ్లున్నారు, అది అతి. సంచీ సర్దుకోవడం మీద ఏ పిల్లకీ పుట్టుకతో ప్రేమ ఉండదు, అక్కడ పోయేదేమీ లేదు. ఇష్టమున్న చోట బేరం పెట్టొద్దు, అంతే.

ఆపేయడం

యాప్ మార్గదర్శకాల కంటే టీచరుకే ఎక్కువ పట్టాల్సిన విషయం, దీన్ని ఎప్పుడు తగ్గించాలన్నది. ఏడాదంతా అరవై పాయింట్లు వేస్తూ పోతే, సెలవు మీద వెళ్లిన రోజు వేరే టీచరు వస్తే క్లాసు కుప్పకూలుతుంది. ఐదో వారం నుంచి తగ్గించాలి. ముందు బాగా అలవాటైన పని ఒకటి, సాధారణంగా సంచీ సర్దడం, జాబితాలోంచి తీసేయండి, నోటి మాటతో మెచ్చుకోవడం మాత్రం ఆపొద్దు. ఆరో వారం పాయింట్లు పీరియడ్‌కి ఐదు. ఏడో వారం రోజుకి ఒక్క పీరియడే, అదీ ఏదో ముందు చెప్పకుండా.

ఎనిమిదో వారంలో గుప్త విద్యార్థి ఆట. యాప్‌లో యాదృచ్ఛికంగా ఒక పేరు తీసే మీట ఉంది. పొద్దున్నే దాన్ని ఫోన్లో నొక్కి (తెర మీద కాదు) ఒక పేరు తీసుకుని మనసులో పెట్టుకోవాలి. "ఇవాళ ఒకరిని చూస్తున్నాను, ఎవరో చెప్పను." సాయంత్రానికి ఆ పిల్ల బాగా చేస్తే పేరు చెప్పి క్లాసంతటికీ ఐదు నిమిషాల ఆట. చేయకపోతే పేరు ఎప్పటికీ చెప్పకూడదు. "ఇవాళ్టివాళ్లు కొద్దిలో తప్పిపోయారు, రేపు చూద్దాం" అంతే. పేరు చెబితే ఆ పిల్లాడికి ఇంటర్వెల్‌లో తన్నులే.

తగ్గించేటప్పుడు రెండు మూడు రోజులు గోల పెరుగుతుంది. అది పద్ధతి చెడిపోయిందనడానికి గుర్తు కాదు, పాత ధర కోసం బేరమాడుతున్నారు. అప్పుడు భయపడి మళ్లీ అరవైకి వెళ్తే గోల చేస్తే పాయింట్లు పెరుగుతాయని నేర్పినట్టవుతుంది. "టీచర్, నాకు పాయింటెయ్యండి" అని అడిగేవాళ్లకి మొదటి రోజు నుంచీ ఒకటే నియమం: అడిగితే పడదు. చాడీలు మోసుకొచ్చినా పడదు.

జట్లు

1969లో అమెరికాలోని కాన్సాస్‌లో ఒక నాలుగో తరగతిలో బారిష్, సాండర్స్, వూల్ఫ్ పరీక్షించిన 'గుడ్ బిహేవియర్ గేమ్' జట్ల ఆటలన్నిటికీ తాత. క్లాసుని రెండు జట్లు చేసి, నియమం తప్పినప్పుడల్లా ఆ జట్టుకి ఒక గీత. గీతలు తక్కువున్న జట్టు గెలుస్తుంది, రెండూ హద్దు లోపలే ఉంటే రెండూ గెలుస్తాయి. ఆ చివరి ముక్కే దాని ప్రాణం. మన బళ్లలో జట్లు పెట్టగానే ఒకరు గెలవాలి, ఒకరు ఓడాలి అన్నట్టు నడుపుతారు. 'ఇరవై పాయింట్లు దాటిన జట్లన్నీ గెలిచినట్టే' అని పెడితే పక్క జట్టుని చెడగొట్టాల్సిన అవసరం ఎవరికీ ఉండదు. ఒక్కడు కావాలని జట్టుని ముంచుతుంటే వాడిని ఒక్కడినే ఒక జట్టు చేయండి, గురి తగ్గించి. జట్టువాళ్ల తిట్లు వాడికి దొరకవు, ఆ తిట్లే వాడికి కావాల్సింది అయితే ఆట అక్కడితో ఆగుతుంది.

మిగతా పనిముట్లు

టైమర్ బాగుంది, సర్దుకోవడానికి రెండు నిమిషాలు పెడితే మాటల్లేకుండా జరుగుతుంది. గుంపులు చేసే మీట కూడా పనికొస్తుంది. శబ్దం కొలిచే మీటర్ మాత్రం మన గదులకు దండగ. అది మైకుతో వింటుంది. సీలింగ్ ఫ్యాను చప్పుడు, సగం గోడ అవతల ఎక్కాలు చదివే మూడో తరగతి, బయట ఆటో హారన్ అన్నీ దానికి ఒకటే. పిల్లలు నోరు మూసుకున్నా ముల్లు పైనే ఉంటుంది. పైగా దాన్ని పైకి ఎగరేయడమే ఆటగా మారడానికి ఒక్క పూట చాలు.

స్టాన్‌ఫర్డ్ పరిశోధకులతో కలిసి 2016లో తెచ్చిన మోజో అనే బుల్లి రాక్షసుడి వీడియోలు, తప్పు చేస్తూ నేర్చుకోవడం గురించి, చిన్నవి, సరదాగా ఉంటాయి. ఇంగ్లిషులో విన్నదాని కంటే, శబ్దం తగ్గించి టీచరే తెలుగులో కథ చెప్తూ పోతే ఒకటో తరగతి బాగా అందుకుంటుంది.

తల్లిదండ్రులతో మాట్లాడే భాగం అనవసరం అనిపిస్తుంది. క్లాసు వాట్సాప్ గ్రూపు ఎలాగూ ఉంది, అమ్మల్ని ఇంకో యాప్‌లోకి రప్పించడం అయ్యేపని కాదు. రప్పించగలిగితే లాభం ఒక్కటే, సెట్ చేసిన వేళల తర్వాత మెసేజీలు టీచరుని తట్టిలేపవు. రాత్రి పదిన్నరకు "రేపు బడి ఉందా మేడం" అన్న వాయిస్ మెసేజి అందుకునేవాళ్లకి దాని విలువ తెలుసు.

యాప్ వద్దనుకునే చోట

ఒకే టీచరు రెండు మూడు తరగతులు కలిపి చెప్పే బడికి ఇది సరిపోదు. అంగన్‌వాడీకి అసలే వద్దు. అక్కడికి ఖాళీ అయిన హార్లిక్స్ సీసా, గుప్పెడు చింతగింజలు చాలు. మంచి పని చూడగానే పేరు చెప్పి గింజ ఒకటి సీసాలో వేయడమే. 'టక్' మన్న చప్పుడు 'టింగ్' కంటే బాగా వినబడుతుంది, నెట్ అక్కర్లేదు. స్కెచ్ పెన్నుతో సీసా మీద కింది నుంచి మూడో వంతుకి ఒక గీత గీస్తే మొదటి గురి, తర్వాతి గీత కాస్త పైకి. గింజలు ఎవరివో తెలియదు కాబట్టి 43, 11 పేచీయే లేదు. బడి పిల్లలైతే, నిండాక గింజల్ని కింద పోసి పదేసి కుప్పలు పెట్టిస్తే పదులు, ఒకట్లు పాఠం కూడా అయిపోతుంది. ఐదేళ్ల లోపు పిల్లల చేతికి గింజలివ్వకండి, ముక్కులో పెట్టుకుంటారు, వేసేది టీచరే. తక్కువేమిటంటే, మధ్య బెంచీ మౌనిని ఎవరు పట్టించుకోలేదో సీసా చెప్పదు.

కాహూట్ లాంటి క్విజ్ ఆటలతో దీన్ని పోల్చేవాళ్లున్నారు. అది వేరే సరుకు. త్వరగా నొక్కినవాళ్లకి ఎక్కువ మార్కులు కాబట్టి, కూడబలుక్కుని చదివే రెండో తరగతి పిల్లలకు అది చదువు కాదు, పరుగుపందెం. నాలుగైదు తరగతులకు పర్వాలేదు. కెనడాలో పుట్టిన క్లాస్‌క్రాఫ్ట్ పెద్ద పిల్లలకు కట్టిన పాత్రల ఆట, చాలామంది టీచర్లు ఏళ్లకేళ్లు దాని మీద క్లాసులు నడిపారు. కంపెనీ చేతులు మారాక పాత ఆట 2024లో ఆగిపోయింది. ఉచిత యాప్ మీద క్లాసు మొత్తం ఆనించేటప్పుడు ఆ సంగతి గుర్తుంచుకోవాలి. రిపోర్టుని నెలకోసారి స్ప్రెడ్‌షీటుగా దించుకుని పెట్టుకోండి, లేదా శుక్రవారం చీటీలు పారేయకుండా ఒక కవర్లో వేయండి.

ఏప్రిల్ చివర్లో బడి మూసేముందు చేయాల్సింది ఇంకొకటుంది. క్లాసుని అలాగే వదిలి కొత్త సంవత్సరం ఇంకో క్లాసు తెరుస్తారు చాలామంది. పాతదాన్ని తీసేయండి. పై తరగతి టీచరుకి పిల్లల్ని అప్పజెప్పేటప్పుడు పాయింట్ల పట్టిక ఇవ్వొద్దు. ఎవరికి ఏ పనిలో ఇంకా చెయ్యి పట్టుకోవాలో నాలుగు పేర్లు, నాలుగు వాక్యాలు రాసిస్తే చాలు.